తిమింగలం ముక్కు: తెరవడం కంటే మూయడమే అసలు పని

తిమింగలం బొమ్మ గీయమంటే ఏ పిల్లవాడైనా ముందు బాన లాంటి ఒళ్లు గీస్తాడు, తర్వాత నెత్తిమీద ఒక ఫౌంటెన్ పెడతాడు. నీళ్లు నిటారుగా లేచి రెండు పక్కలా గొడుగులా వంగి పడుతుంటాయి. పిల్లల పుస్తకాల్లో, చొక్కాల మీద, బడి గోడల మీద ఇదే బొమ్మ. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ అందులో పెద్ద తప్పుంది. ఆ రంధ్రం నుంచి దారి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆ దారిలో అన్ని నీళ్లే ఉంటే ఫౌంటెన్ మాట దేవుడెరుగు, ముందు తిమింగలం ప్రాణమే పోతుంది.

బయటికి వచ్చేది ఊపిరి. మన ఒంటి వేడికి కాస్త అటూ ఇటూగా ఉండే వెచ్చని, తడి గాలి. ఇరుకు దారిలోంచి ఒక్కసారిగా తోసుకొచ్చి, బయట పడగానే వ్యాకోచించి చల్లబడుతుంది. అందులోని తేమ సన్నని తుంపరగా మారుతుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో మాట్లాడే మనిషి నోటివెంట పొగ కనిపించడం లాంటిదే ఇది. అయితే ఉష్ణమండల సముద్రాల్లో, బయటి గాలి వెచ్చగా ఉన్నచోట కూడా ఈ తుంపర కనిపిస్తుంది కాబట్టి చలి ఒక్కటే కారణం కాదు. శ్వాసమార్గంలోని చీమిడి తుంపరలై ఎగురుతుంది. మూసిన రంధ్రం పైన గుంటలో నిలిచిన గుప్పెడు సముద్రపు నీరు కూడా ఆ విసురుకు చెదిరి గాల్లో కలుస్తుంది. మొత్తం మీద అది ఒక బ్రహ్మాండమైన తుమ్ము. నీలి తిమింగలం తుమ్మితే ఆ స్తంభం తొమ్మిది మీటర్లు, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు లేస్తుంది.

ఇంగ్లిషులో బ్లోహోల్ అంటారు కనుక తెలుగులోనూ అదే మాట వాడుకలోకి వచ్చింది. నిజానికి అది ముక్కే. మనకు మూతిమీద ఉన్నది దానికి నెత్తికెక్కింది, అంతే తేడా. కానీ 'హోల్' అన్న మాట ఒక అపోహను వెంటబెట్టుకొస్తుంది. ఎప్పుడూ తెరిచి ఉండే బొక్క ఏదో అక్కడ ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు సంగతి సరిగ్గా తలకిందులు. తిమింగలం జీవితంలో అత్యధిక భాగం ఆ ముక్కు మూసే ఉంటుంది. అది తెరుచుకునేది ఒక్కో ఊపిరికి రెండు సెకన్లో, ఇంకా తక్కువో. ఆ జీవి ఊపిరి కథంతా ఈ మూత చుట్టూనే తిరుగుతుంది.

హంప్‌బ్యాక్ తిమింగలం ఒక్క ఊపిరిని దగ్గరినుంచి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ముందుగా నీటి ఉపరితలం ఉబ్బుతుంది. తల పూర్తిగా బయటికి రాకముందే గాలి వదలడం మొదలవుతుంది, ఎందుకంటే పైన గడిపే కొద్ది క్షణాలను లోపలికి పీల్చుకోవడానికి మిగుల్చుకోవాలి. నెత్తిమీద రెండు పొడవాటి చీలికలు కనిపిస్తాయి, ముందువైపు దగ్గరగా, వెనక్కి పోయేకొద్దీ ఎడంగా. వాటికి ముందు ఒక మట్టిగట్టు లాంటి ఉబ్బు ఉంటుంది. ఈదుతున్నప్పుడు ఎదురొచ్చే నీరు రంధ్రాల్లోకి పొర్లకుండా ఆ గట్టు పక్కలకు చీల్చేస్తుంది. లారీ డ్రైవరు ఎయిర్ బ్రేకు వదిలినప్పటి బుస్సుమనే శబ్దం లాంటిది, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది, వస్తుంది. తుంపర ఇంకా గాల్లో ఉండగానే చీలికలు మరింత వెడల్పై, లోపలికి గాలి పోతున్న డొల్ల శబ్దం వినిపిస్తుంది. అంతలోనే రెండు పెదవుల్లాంటి కండలు కలుసుకుంటాయి. నీరు ఆ చోటికి చేరేసరికి తలుపు మూసే ఉంటుంది.

ఆ రెండు సెకన్లలో జరిగే మార్పిడి అసాధారణమైనది. మనిషి మామూలుగా కూర్చుని ఊపిరి తీస్తే లోపలికి పోయేది అర లీటరు. ఊపిరితిత్తుల్లో పట్టేది దాదాపు ఆరు లీటర్లు. అంటే ప్రతి ఊపిరికీ మారేది పదో వంతు లోపే, మిగతాది పాత గాలే. తిమింగలాలు, డాల్ఫిన్లు ఒక్క ఊపిరిలో 80 శాతం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గాలిని మార్చేయగలవు. బాటిల్‌నోస్ డాల్ఫిన్లు బలంగా వదిలిన గాలిని కొలిస్తే సెకనుకు 130 లీటర్లు దాటింది. మనిషి గట్టిగా దగ్గినా పది, పదిహేను లీటర్ల దగ్గరే ఆగిపోతాడు. వాటి గాలిగొట్టాల్లో చిట్టచివరి సన్న కొమ్మల వరకూ మృదులాస్థి ఆసరాగా ఉంటుంది కాబట్టి ఎంత వేగంగా గాలి వదిలినా మధ్యలో దారి అణిగిపోదు. పెద్ద జీవి కదా, ఊపిరితిత్తులూ దానికి తగ్గట్టు ఇంకా పెద్దవై ఉంటాయని అనుకుంటాం. శరీరం పరిమాణంతో పోలిస్తే అవి మనవాటికంటే పెద్దవేమీ కావు, లోతుకు మునిగే జాతుల్లోనైతే చిన్నవే. గొప్పతనం పాత్ర సైజులో లేదు, దాన్ని ప్రతిసారీ అడుగంటా ఖాళీ చేసి నింపడంలో ఉంది.

ఇక మూత సంగతి. మన ముక్కు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మూయాలంటే వేళ్లతో పట్టుకోవాలి. తిమింగలానికి దీనికి పూర్తి విరుద్ధం. రంధ్రం లోపల కండతో చేసిన బిరడాలు ఉంటాయి. కండరాలు సడలి ఉన్నంతసేపూ అవి దారిని మూసే ఉంచుతాయి. కండరాలు బిగిస్తేనే బిరడాలు వెనక్కి జరిగి దారి తెరుచుకుంటుంది. స్ప్రింగు తలుపు గుర్తు చేసుకుంటే చాలు: తోస్తే తెరుచుకుంటుంది, వదిలేస్తే తనంతట తనే మూసుకుంటుంది. నీటిలో బతికే జీవికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఉండదు. అలసిపోయినా, నిద్రపోయినా, దెబ్బతిన్నా తలుపు మూసే ఉంటుంది. మూసి ఉంచడానికి శ్రమ అక్కర్లేదు, తెరవడానికే కావాలి.

ఈ ముక్కు నెత్తికెక్కడానికి కోట్ల ఏళ్లు పట్టింది. తొలి అధ్యాయాలు మన ఉపఖండంలోనే దొరికాయి. సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి పాకిస్తాన్ ప్రాంతంలో తిరిగిన పాకిసెటస్ అనే తొలి తిమింగలం నాలుగు కాళ్ల జంతువు. దాని ముక్కు కుక్కకు ఉన్నట్టే మూతి చివర ఉండేది. తిమింగలాల వంశానికి దగ్గరి చుట్టమైన, కుక్కపిల్లంత ఇండోహ్యూస్ ఎముకలు జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భారత భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లలో దొరికాయి. ఆ రాళ్లు ఆయన జీవితకాలంలో పూర్తిగా పగలనే లేదు. ఆయన పోయిన తర్వాత భార్య వాటిని అమెరికా శాస్త్రవేత్త హాన్స్ తెవిసెన్‌కు అప్పగించారు. 2007లో వాటి ఫలితం ప్రపంచానికి తెలిసింది. ఆ మీదట వచ్చిన శిలాజాలను వరసగా పేర్చితే ముక్కు మెట్టు మెట్టుగా వెనక్కి నడిచినట్టు కనబడుతుంది. రెండున్నర కోట్ల ఏళ్ల నాటి ఏటియోసెటస్‌కు అది మూతి నడిమికి వచ్చింది. ఇప్పటి గ్రే తిమింగలానికి కళ్ల పైకి, నడినెత్తికి చేరింది. పై దవడ ఎముకలు వెనక్కి సాగుతూ నుదుటి ఎముక మీదికి ఎక్కాయి, దుర్భిణి గొట్టాలు ఒకదానిలోకి ఒకటి దూరినట్టు. తల్లి కడుపులోని పిండంలోనూ ఈ ప్రయాణం కొంత మేర మళ్లీ జరుగుతుంది: ముక్కు ముందు మూతి కొసనే మొదలై, పిండం ఎదిగేకొద్దీ పైకి జరుగుతుంది.

పళ్లకు బదులు జల్లెడ లాంటి పలకలుండే బలీన్ తిమింగలాలకు నెత్తిమీద రెండు రంధ్రాలుంటాయి. నీలి తిమింగలం, హంప్‌బ్యాక్, ఫిన్, రైట్ వేల్ ఈ కోవలోవి. పళ్లున్న తిమింగలాలకు, డాల్ఫిన్లకు పైకి కనిపించేది ఒక్కటే. రైట్ వేల్ రంధ్రాలు ఎడంగా ఉండటంతో దాని తుంపర రెండు పాయలుగా చీలి ఇంగ్లిషు వి అక్షరంలా లేస్తుంది. స్పెర్మ్ తిమింగలం మరీ విడ్డూరం. దాని రంధ్రం నెత్తి నడుమ కాకుండా తల ముందు కొసన, ఎడమవైపున ఉంటుంది. కాబట్టి తుంపర నిటారుగా పోకుండా ముందుకు, ఎడమకు ఏటవాలుగా ఎగురుతుంది. పందొమ్మిదో శతాబ్దపు వేట ఓడల్లో కొయ్యస్తంభం మీద కాపలా ఉండేవాడికి ఈ తేడాలు కరతలామలకం. మైళ్ల దూరంలో ఒక తుంపర లేస్తే చాలు, అది ఏ జాతో, వెంబడించడానికి పనికొస్తుందో లేదో చెప్పేసేవాడు. ఊపిరి తీయక తప్పదు, తీస్తే దొరికిపోక తప్పదు. సముద్రమంతా దాక్కోవడానికి చోటున్న జీవిని ఊపిరే పట్టిచ్చింది.

పంటి తిమింగలాల రెండో రంధ్రం ఏమైందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. అది పోలేదు, కొలువు మారింది. స్పెర్మ్ తిమింగలంలో ఎడమ నాసికామార్గం ఊపిరికి, కుడిది శబ్దానికి. డాల్ఫిన్లలో రంధ్రానికి కాస్త దిగువన, నాసికామార్గంలోనే రెండు జతల కండ పెదవులుంటాయి. వాటి మధ్య నుంచి గాలిని తోస్తే టకటకమని శబ్దాలు పుడతాయి. ఆ శబ్దాల ప్రతిధ్వనులతోనే అవి చీకట్లో చేపల జాడ తీస్తాయి. అంటే ఇవి అక్షరాలా ముక్కుతో మాట్లాడే జీవులు. చమత్కారం ఏమిటంటే, ఈ పనంతా పై మూత మూసే జరుగుతుంది. వాడిన గాలి చిన్న చిన్న సంచుల్లోకి చేరి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వాడుకలోకి వస్తుంది. వెయ్యి మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం కంటే నూరు రెట్లు. అక్కడ ఒక లీటరు గాలి రెండు టీ చెంచాల పరిమాణానికి కుదించుకుపోతుంది. ఆ రెండు చెంచాలతోనే వేట సాగాలి. ఒక్క బుడగ జారిపోయినా నష్టమే. హంప్‌బ్యాక్‌లు మాత్రం ఇదే గాలిని కావాలని ఖర్చు పెడతాయి. అలాస్కా ఆగ్నేయ తీరంలో అవి చేపల గుంపు చుట్టూ తిరుగుతూ బ్లోహోల్ నుంచి బుడగలు వదిలి, ఆ బుడగల తెరనే వలగా మార్చి, మధ్యలోంచి నోరు తెరిచి పైకి లేస్తాయి.

మనిషికి నోరు, ముక్కు గొంతులో కలుస్తాయి. అందుకే నవ్వుతూ మంచినీళ్లు తాగితే పొలమారుతుంది. ముక్కు పట్టేస్తే నోటితో ఊపిరి తీయగలం, అది అదే ఏర్పాటు వల్ల దక్కిన లాభం. డాల్ఫిన్లకు ఆ లాభమూ లేదు, ఆ ప్రమాదమూ లేదు. వాటి స్వరపేటిక బాతు ముక్కులా పొడుచుకొచ్చి నేరుగా నాసికామార్గంలోకి దూరి, చుట్టూ కండరం పట్టేసుకుని ఉంటుంది. తిండి దానికి అటూ ఇటూ పక్కలనుంచి జారిపోతుంది. న్యూజిలాండ్ తీరంలో హెక్టర్స్ డాల్ఫిన్ ఒకటి బ్లోహోల్ సరిగా తెరుచుకోక, స్వరపేటికను ఆ చోటినుంచి దించి నోటితో ఊపిరి తీస్తూ శాస్త్రవేత్తల కంటపడింది. అది అరుదైన మినహాయింపు కనుకే వార్త అయింది. ఫిన్ తిమింగలం లాంటి పెద్ద బలీన్ జాతులకు చిక్కు ఇంకా పెద్దది. అవి నోరు బార్లా తెరిచి, వేగంగా దూసుకెళ్లి, టన్నుల కొద్దీ నీటిని రొయ్యల్లాంటి క్రిల్‌తో సహా నింపుకుంటాయి. ఆ ఉరవడికి నీరు గొంతులోకి ఎందుకు పోదు? 2022లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి జవాబు చెప్పారు. నోటి వెనక భాగంలో కండ, కొవ్వు కలిసిన ఒక బిరడా ఉంటుంది. నోరు తెరిచినప్పుడు అది గొంతుదారిని మూసేస్తుంది. మింగేటప్పుడు వెనక్కి, పైకి జరిగి నాసికామార్గాన్ని మూసేస్తుంది. పైన ఒక మూత, లోపల ఇంకో మూత.

ఇలా తలుపులు బిగించుకుని అవి ఎంతసేపు ఉండగలవు? స్పెర్మ్ తిమింగలం ముప్పావు గంట నుంచి గంట దాకా మునిగి ఉండటం మామూలే. పైకి వచ్చాక సుమారు పది నిమిషాలు అక్కడే తేలుతూ ఊపిరి మీద ఊపిరి తీస్తుంది, మళ్లీ తోక ఎత్తి మునుగుతుంది. కువియే బీక్డ్ వేల్ అనే మధ్యతరహా తిమింగలం దాన్ని మించిపోయింది. కాలిఫోర్నియా తీరంలో ఉపగ్రహ ట్యాగు తగిలించిన ఒకటి 2,992 మీటర్ల లోతుకు వెళ్లింది. అమెరికా తూర్పు తీరంలో ఇంకొకటి 3 గంటల 42 నిమిషాలు నీటి కిందే ఉన్నట్టు 2020లో వెల్లడైంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సులో వెళుతూ సగానికి పైగా దారి ఒకే ఊపిరి మీద గడిపినట్టు.

ఇంత ఆక్సిజన్ దాచేది ఊపిరితిత్తుల్లో అనుకుంటే పొరపాటు. దాచేది నెత్తురులో, కండలో. మనిషి బరువులో కిలోకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటే, స్పెర్మ్ తిమింగలానికి 200 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ మనకంటే పది రెట్ల వరకూ ఎక్కువ. దాని మాంసం దాదాపు నల్లగా ఉండేది అందుకే. మయోగ్లోబిన్ అంత పుష్కలంగా ఉండటం వైజ్ఞానిక చరిత్రలోనూ ఒక మలుపుకు కారణమైంది. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ ఒక ప్రోటీన్ రూపాన్ని ఎక్స్‌రేలతో తొలిసారి 1958లో పట్టుకున్నాడు. అందుకు ఆయన ఎంచుకున్నది స్పెర్మ్ తిమింగలం మయోగ్లోబిన్‌నే, దాని స్ఫటికాలు పెద్దగా, చక్కగా పెరిగేవి. మాక్స్ పెరుట్జ్‌తో కలిసి ఆయనకు 1962లో నోబెల్ బహుమతి వచ్చింది. మామూలుగా ఒక ప్రోటీన్‌ను ఇంత కిక్కిరిసేలా కూరితే ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. మునిగే జంతువుల మయోగ్లోబిన్ మీద ధన విద్యుదావేశం ఎక్కువ కావడంతో అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయని 2013లో తేలింది.

దాచుకున్నదాన్ని పొదుపుగా వాడటం ఇంకో ఎత్తు. 2019లో ఫలితాలు వెల్లడైన ఒక పరిశోధనలో, కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో ఒక నీలి తిమింగలానికి గుండె చప్పుడు కొలిచే పరికరాన్ని రబ్బరు కప్పులతో అతికించారు. పైన ఊపిరి తీస్తున్నప్పుడు నిమిషానికి 25 నుంచి 37 సార్లు కొట్టుకున్న గుండె, లోతులో ఒక దశలో రెండుసార్లే కొట్టుకుంది. మెదడుకు, గుండెకు రక్తం పోతుంటుంది, మిగతా అవయవాలకు తగ్గిపోతుంది.

మరి ఊపిరితిత్తులు లోతులో ఏం చేస్తాయి? ముడుచుకుపోతాయి. ఈ సంగతిని చూపించినవాటిలో టఫీ అనే డాల్ఫిన్ ఒకటి. 1960లలో అమెరికా నౌకాదళ పశువైద్యుడు శామ్ రిడ్జ్‌వే బృందం దానికి 300 మీటర్ల దాకా మునిగి, తిరిగి వస్తూ, పైకి తేలడానికి ముందే నీటి కింద బోర్లించిన గరాటులోకి ఊపిరి వదలడం నేర్పింది. ఆ గాలిని పరీక్షిస్తే లోతులో ఉన్నంతసేపు ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ పెద్దగా ఖర్చు కాలేదని తేలింది. లోతులో తీసిన ఫొటోల్లో దాని ఛాతీ రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి కనిపించింది. మనిషికైతే పక్కటెముకలు విరిగే పని. వీటి పక్కటెముకలు వదులుగా అమరి ఉంటాయి కాబట్టి గూడు మొత్తం ముడుచుకుంటుంది. గాలి సన్నని గాలిగదుల్లోంచి గట్టి గొట్టాల్లోకి తరలిపోతుంది. అక్కడినుంచి నైట్రోజన్ రక్తంలోకి చేరదు. సిలిండర్లు కట్టుకుని దిగే మనిషి తొందరపడి పైకి వస్తే రక్తంలో బుడగలు కట్టే జబ్బు వీటికి రాకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రాకపోవడం అన్నది కూడా షరతు మీదే. 2002 సెప్టెంబరులో కానరీ దీవుల దగ్గర నౌకాదళ విన్యాసాలు జరుగుతుండగా పద్నాలుగు బీక్డ్ వేల్స్ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చనిపోయినవాటిని కోసి చూస్తే రక్తనాళాల్లో, అవయవాల్లో గాలి బుడగల గుర్తులు కనిపించాయి. జలాంతర్గాములను శబ్దంతో వెతికే సోనార్ పరికరాల మోతకు బెదిరి మునిగే పద్ధతి తప్పడంతోనే ఇలా జరిగిందన్నది బలమైన వివరణ. స్పెయిన్ 2004లో ఆ దీవుల చుట్టూ సైనిక సోనార్ వాడకాన్ని నిలిపేసింది. అప్పటినుంచి అక్కడ అలాంటి మూకుమ్మడి మరణాలు మళ్లీ జరగలేదు. ఇంత చవకగా, ఇంత స్పష్టంగా పనిచేసిన నివారణ చర్యలు సముద్ర జీవుల విషయంలో ఎన్నో ఉండవు.

తలుపు తెరవడానికి ప్రయత్నం కావాలన్న మాటకు ఇంకో పర్యవసానం ఉంది. మనం ఊపిరి గురించి ఆలోచించం, నిద్రలోనూ అది నడుస్తుంది. తిమింగలాలు, డాల్ఫిన్లు ప్రతి ఊపిరినీ ఒక పనిగా చేయాలి: పైకి రావాలి, రంధ్రం గాల్లో ఉందని తెలుసుకోవాలి, అప్పుడు తెరవాలి. 1955లో ఫ్లోరిడాలో మెదడు మీద పరిశోధనల కోసం కొన్ని డాల్ఫిన్లకు మత్తుమందు ఇచ్చారు. మనిషికైతే నిద్ర పట్టే మోతాదులు. డాల్ఫిన్లు ఊపిరి తీయడం ఆపేసి చనిపోయాయి. కృత్రిమ శ్వాస యంత్రాన్ని వాటికి తగ్గట్టు తయారు చేసుకున్న తర్వాతే శస్త్రచికిత్సలు సాధ్యమయ్యాయి. అలాంటప్పుడు అవి నిద్రపోయేదెలా? డాల్ఫిన్ మెదడులో ఒక సగం నిద్రపోతుంటే రెండో సగం మెలకువగా ఉంటుందని 1970లలో సోవియట్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, నెమ్మదిగా ఈదుతూ మధ్యమధ్య పైకి వస్తుంది. స్పెర్మ్ తిమింగలాలది వేరే తీరు. ఉపరితలానికి కాస్త దిగువన నిటారుగా, మునిగిన కొయ్యస్తంభాల్లా కదలకుండా వేలాడుతూ పది పదిహేను నిమిషాల కునుకు తీస్తాయి. వల తాడులో చిక్కిన డాల్ఫిన్ చావుకూ మూలం ఇక్కడే ఉంది. పైకి వెళ్లే దారి లేదని తెలిసినంతసేపు అది తలుపు తెరవదు. ఊపిరి బిగబట్టే ఉంటుంది, ఆక్సిజన్ అయిపోయేదాకా.

పైకి వెళ్లే దారే మూసుకుపోతే ఏమవుతుందో 1988 అక్టోబరులో ప్రపంచం టీవీల్లో చూసింది. అలాస్కా ఉత్తర కొసన పాయింట్ బారో దగ్గర మూడు గ్రే తిమింగలాలు దక్షిణానికి వలస బయల్దేరడంలో ఆలస్యం చేసి, గడ్డకడుతున్న సముద్రంలో చిక్కుకున్నాయి. ఆ ప్రాంతంలోనే ఉండే బోహెడ్ తిమింగలాలకు ఇది పెద్ద సమస్య కాదు. వాటి నెత్తి కొప్పులా ఎత్తుగా ఉండి, రంధ్రాలు దాని మీద ఉంటాయి. మంచు పలకను కిందినుంచి తలతో కుమ్మి పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి. గ్రే తిమింగలాలకు అంత శక్తి లేదు. స్థానిక ఇనుపియాట్ ప్రజలు, తరతరాలుగా బోహెడ్‌లను వేటాడేవాళ్లే, రంపపు యంత్రాలతో మంచులో వరసగా మడుగులు కోశారు. రాత్రి కోసింది తెల్లారేసరికి మళ్లీ గడ్డకట్టేది. తిమింగలాలు వంతులవారీగా ఒకే మడుగులో మూతి పైకెత్తి ఊపిరి తీశాయి, మంచు అంచులకు రాసుకుని మూతులు నెత్తురోడాయి. వాటిలో ఒకదానికి పెట్టిన పేరు పుటు, అంటే వాళ్ల భాషలో మంచులోని రంధ్రం. అన్నిటికంటే చిన్నది మధ్యలోనే మునిగి మళ్లీ తేలలేదు. చివరికి ప్రచ్ఛన్న యుద్ధపు రోజుల్లో సోవియట్ యూనియన్ పంపిన రెండు మంచుపగలగొట్టే ఓడలు దారి చేస్తే మిగతా రెండూ బయటపడ్డాయి. ఆ తర్వాత అవి ఏమయ్యాయో ఎవరికీ తెలియదు, ట్యాగులు వేయలేదు.

గాలీ నీరూ కలిసే ఆ సన్నని గీతలోనే ముక్కు తెరవాల్సి రావడంలో ఇంకో అపాయమూ ఉంది. నీటిమీద తేలే ప్రతిదీ ఆ గీత మీదే ఉంటుంది. 2010లో మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వకపు వేదిక పేలి, దాని కింది బావి నుంచి నెలల తరబడి చమురు పారింది. మరుసటి ఏడాది లూసియానాలోని బారటారియా అఖాతంలో బాటిల్‌నోస్ డాల్ఫిన్లను పట్టి పరీక్షిస్తే, చమురు తగలని చోటివాటితో పోలిస్తే మధ్యస్థం నుంచి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. చమురు ఆవిరి దట్టంగా ఉన్న చోటే ఊపిరి తీయడం, ఒక్క ఊపిరిలోనే లోపలి గాలంతా మార్చేయడం, పీల్చిన దాన్ని నిమిషాల తరబడి లోపలే బిగబట్టడం: నీళ్లలో బతకడానికి వరంగా దక్కిన మూడు గుణాలూ అక్కడ శాపాలయ్యాయి.

ఒడ్డున పడిన తిమింగలం గురించి రాసేటప్పుడు 'నీటిలోంచి బయటపడిన చేపలా' అని వార్తాపత్రికలు రాసేస్తుంటాయి. నీరు లేక ఊపిరాడక చావడం చేపకు వర్తిస్తుంది. తిమింగలానికి ఒడ్డున గాలికి కొదవ లేదు. దాని చావుకు కారణం బరువు. నీటిలో తేలుతూ తెలియకుండా మోసిన టన్నుల బరువు ఇసుక మీద దాని ఛాతీనే నొక్కుతుంది, ప్రతి ఊపిరీ ఒక బండను లేపినంత పనవుతుంది. పైగా ఒంటి చుట్టూ ఉన్న కొవ్వు దుప్పటి ఎండలో కొలిమిలా మారుతుంది. తమిళనాడు తూత్తుకుడి జిల్లా మణప్పాడు తీరంలో 2016 జనవరిలో ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఇలాగే ఒడ్డుకు చేరాయి. మత్స్యకారులు కొన్నింటిని లోపలికి లాగి వదిలితే మళ్లీ వచ్చాయి. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి దాదాపు పాతిక అడుగుల తిమింగలం కొట్టుకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనం సెల్‌ఫోన్లతో బారులు తీరారు. ప్రాణమున్న తిమింగలం ఎక్కడైనా ఒడ్డున కనిపిస్తే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: ఒంటిమీద నీళ్లు పోయడం మేలే, కానీ నెత్తిమీది ఆ రంధ్రంలోకి నీళ్లూ ఇసుకా పోనివ్వకూడదు. మేలు చేయబోయి బిందెలతో కుమ్మరించేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఊపిరి తుంపరలో ఆ జీవి గుట్టంతా ఉంటుంది: డీఎన్ఏ, హార్మోన్లు, సూక్ష్మజీవులు. వాసన కూడా, మింకే తిమింగలం ఊపిరి కుళ్లిన క్యాబేజీ కంపు కొడుతుందని నావికుల ఫిర్యాదు. ఆ తుంపరను పట్టడానికి మెక్సికోకు చెందిన డియాన్ జెండ్రాన్, లండన్‌లోని కరీనా అసెవెదో-వైట్‌హౌస్, ఆగ్నెస్ రోషా-గోసెలిన్ రిమోట్‌తో నడిచే బొమ్మ హెలికాప్టర్‌కు చిన్న పళ్లేలు కట్టి తిమింగలాల మీదుగా ఎగరేశారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2010లో వాళ్లకు వచ్చింది. నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పుడు ఆ పని డ్రోన్లు చేస్తున్నాయి. సూది గుచ్చకుండా, పడవతో తరమకుండా, దాని చీమిడితోనే గర్భం ఉందా, జబ్బుందా అన్నది చూస్తున్నారు.

ఊపిరిని పట్టుకుని జీవిని తెలుసుకోవడం మన దేశంలో కొత్తేమీ కాదు. తిమింగిలం అన్న మాట తిమి అనే మహామత్స్యాన్ని మింగేది అన్న అర్థంతో, నోటి చుట్టూ పుట్టింది. గంగానది డాల్ఫిన్‌కు ఆ తీరవాసులు పెట్టుకున్న సూస్ అనే పేరు ఊపిరి చుట్టూ పుట్టింది. నీటిమీదికి వచ్చి అది వదిలే గాలి చప్పుడే దాని పేరు. బురదనీటిలో కళ్లతో పని లేక చూపు దాదాపు పోగొట్టుకున్న ఈ జీవి ముక్కు కూడా మిగతా డాల్ఫిన్ల లాంటిది కాదు. వాటికి అర్ధచంద్రాకారంలో అడ్డంగా ఉంటే, దీనికి నిలువు చీలిక. 2009లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించారు. దేశంలోని నదీ డాల్ఫిన్లు 6,327 అని 2025 మార్చిలో తొలి సమగ్ర లెక్క వచ్చింది. ఆ లెక్క కోసం సర్వే బృందాలు నీటి కిందికి మైకులు దించి దాని టకటకలు విన్నాయి. పడవలో కూర్చున్నవాళ్లు గట్ల మధ్య బురద రంగు నీటిని కన్నార్పకుండా చూశారు. పొడవాటి ముట్టె, బూడిదరంగు వీపు పైకి వచ్చి మాయమయ్యేది ఒక్క సెకనులోపే. ఆ సెకనులో తల తిప్పి ఉంటే దొరికేది చప్పుడు మాత్రమే: సూస్.